మాట్లాడని నాన్న ఆస్తి: వదిలేయాలా, పంచుకోవాలా, కోర్టుకెళ్లాలా?

నాన్న పేరు నా దగ్గర మిగిలింది ఒక్క టెన్త్ సర్టిఫికెట్ మీదే. ఆయన పోయాక, 23 ఏళ్ల తర్వాత దాన్ని బీరువాలోంచి తీసి, గుంటూరులో బస్సెక్కి, విజయవాడలో ఒక వార్డు సచివాలయం టేబుల్ మీద పెట్టాను. ఆయన కూతుర్ని నేనేనని చూపించుకోవడానికి. అక్కడి అమ్మాయి రేషన్ కార్డు వివరాలు చూసి, "ఇందులో మీ పేరు లేదు కదండీ" అంది. ఎలా ఉంటుంది? ఆ కార్డులో ఉన్నది ఆయన, తర్వాత గుడిలో పెళ్లి చేసుకున్న ఆవిడ, వాళ్లబ్బాయి.

వీలునామా లేదు. పాయకాపురంలో ఒక ఫ్లాట్, దాని మీద బ్యాంకు లోను, 4 లక్షల ఎఫ్‌డీ, కొన్ని ప్రోనోటు బాకీలు. ఆయన మిగిల్చి వెళ్లింది ఇదీ. మా ఇంట్లో మూడు మాటలు. అమ్మ "ఆ మనిషి సొమ్ము నాకు ముట్టుకోబుద్ధి కాదు" అంది. తమ్ముడు "పైసా వదలను, కోర్టుకు లాగుతా" అన్నాడు. నాకైతే ఎలాగోలా ఇది తెమిలిపోతే చాలనిపించింది. 11 నెలలు తిరిగాక ఒక సంగతి బాగా అర్థమైంది. "నాకొద్దు" అని ఊరుకుంటే వదులుకున్నట్టే అనుకుంటాం. చట్టం లెక్కలో మాత్రం అలా ఊరుకున్నవాళ్ల పేరు కూడా ఆ ఆస్తికి అతుక్కునే ఉంటుంది. కాబట్టి ఏ దారి పట్టాలన్నా ముందు ఇది మనసులో పెట్టుకోండి.

వాటాదారులు ఎంతమంది

హిందువులకైతే 1956 వారసత్వ చట్టం. మగవాడు వీలునామా లేకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే ఆయన తల్లికి కూడా తలా ఒక సమాన వాటా. ఎన్నేళ్లుగా మాటల్లేవు, ఎవరు ఎవర్ని వదిలేశారు, ఆస్పత్రిలో ఎవరు చూసుకున్నారు అని చట్టం అడగదు. "తలకొరివి పెట్టినవాడిదే ఆస్తి" అన్న మాట మా వైపు ఇప్పటికీ వినిపిస్తుంది. "పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా, ఇంకా ఆడపిల్లకు వాటా ఏంటి" అన్నది ఇంకోటి. రెండూ చెల్లవు.

విడాకులు కాలేదు గనక మా అమ్మే భార్య. మొదటి భార్య బతికుండగా చేసుకున్న పెళ్లి చెల్లదు, కాబట్టి ఆవిడకు వాటా రాదు. కానీ ఆ అబ్బాయికి వస్తుంది. చెల్లని పెళ్లికి పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉందని 2023లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. తమ్ముడికి ఇది మింగుడు పడటానికి రెండు నెలలు పట్టింది.

అందరూ మర్చిపోయేది నాయనమ్మని. మా నాయనమ్మ తెనాలిలో బాబాయ్ దగ్గర ఉంటుంది, 88 ఏళ్లు. ఆమెది కూడా ఒక వాటా. రేపు ఆమె పోతే ఆ వాటాలోకి బాబాయ్, మేనత్త కూడా వస్తారు. నాలుగు వాటాలనుకున్నది ఐదైంది. తాత్సారం చేస్తే ఆరు సంతకాలు కావాల్సి వచ్చేది. మా పని త్వరగా కదలడానికి అసలు కారణం ఇదే.

పోయింది తల్లి అయితే పిల్లలతో పాటు భర్తకు కూడా సమాన వాటా. విడాకులు కాకుండా విడిగా ఉన్న భర్త అయినా సరే. క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం వర్తిస్తుంది: భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలందరికీ సమానంగా. ముస్లింలకు వాళ్ల ధర్మశాస్త్రం ప్రకారం కొడుకు వాటాలో సగం కూతురికి. తాతల నాటి ఉమ్మడి భూమి ఉంటే లెక్క వేరు. అందులో కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంది. 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

చూడటం వేరు, తీసుకోవడం వేరు

ఏముందో తెలియకుండా "కావాలి", "వద్దు" అనకండి. ఫ్లాటు, స్థలం సంగతి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే తెలుస్తుంది. పొలమైతే అడంగల్, 1-బి అనే రెవెన్యూ రికార్డులు చూడాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి గనక పాత గుంటూరు జిల్లా పొలం ఇప్పుడు పల్నాడులోనో బాపట్లలోనో ఉండొచ్చు. ఏ తహసీల్దార్ పరిధో ముందే కనుక్కుంటే రెండు ట్రిప్పులు మిగులుతాయి. పదేళ్లుగా కదలని బ్యాంకు డిపాజిట్లను వెతకడానికి రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ పోర్టల్ ఉంది. ఉద్యోగం చేసినవాళ్లయితే పీఎఫ్ సంగతి అడగండి. హోమ్ లోను ఉంటే దాని మీద ఇన్సూరెన్స్ తీసుకున్నారేమో చూడండి, కొన్నిసార్లు లోను మొత్తం దాంతోనే తీరిపోతుంది.

వీలునామా లేదని మీరనుకుంటే సరిపోదు. రిజిస్టర్ అయినది ఉంటే, మనిషి పోయాక డెత్ సర్టిఫికెట్ పెట్టి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. రిజిస్టర్ కానిది కూడా చెల్లుతుంది, కాకపోతే ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, కనీసం ఒక సాక్షి కోర్టులో నిలబడి చెప్పాలి. ఆరు నెలల తర్వాత ఎవరి పెట్టెలోంచో హఠాత్తుగా వీలునామా బయటికొస్తే కంగారు పడకుండా ముందు ఆ సాక్షులెవరో అడగండి.

ఇంకో చిన్న విషయం. ఆయన ఏటీఎం కార్డు, ఫోన్‌పే ఎవరూ వాడకూడదు. సిమ్ మాత్రం ఆపించొద్దు. బ్యాంకు మెసేజ్‌లు దానికే వస్తాయి.

నాలుగు దారులు

మొదటిది ఊరుకోవడం. పైకి ఖర్చు లేనిదిలా కనిపిస్తుంది గానీ నా లెక్కలో అన్నిటికంటే ఖరీదైంది ఇదే. ఫ్లాట్ అమ్మాలంటే మీ సంతకం కావాలి, బ్యాంకు లోను కట్టకపోతే నోటీసుల్లో మీ పేరూ వస్తుంది, ఎవరైనా దావా వేస్తే మిమ్మల్నీ ప్రతివాదిగా చేరుస్తారు. ఏ బంధం వద్దనుకుని దూరంగా ఉన్నారో దానికి సంబంధించిన ఫోన్లే ఏళ్ల తరబడి వస్తుంటాయి. ఆస్తి కంటే అప్పు ఎక్కువని తేలి, మీ చేతికి ఏమీ రాని కేసులో మాత్రం దూరంగా ఉండటం అర్థవంతమే.

రెండోది హక్కు విడుదల. అమ్మ మొదట ఇదే చేస్తానంది. తెల్ల కాగితం మీద "నాకేమీ వద్దు" అని రాసిస్తే చెల్లదు. స్థిరాస్తిలో వాటా వదలాలంటే విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. అది కూడా ఎవరి పేరున వదులుతున్నారో రాయాలి. ఊరికే వదిలితే మిగతా వాటాదారులందరికీ పోతుంది. అమ్మ వాటాలో నాలుగో వంతు ఆ అబ్బాయికి వెళ్తుందని లాయరు చెప్పేసరికి ఆమె కలం కింద పెట్టేసింది. ఒకసారి రిజిస్టర్ అయ్యాక మనసు మారినా వెనక్కి రాదు. దస్తావేజు షెడ్యూల్లో ఏది రాస్తే అదే వదిలినట్టు. రేపు ఇంకెక్కడో రెండు సెంట్ల స్థలం బయటపడితే మళ్లీ మొదలు. కోపంలో తండ్రి బతికుండగానే "నీ ఆస్తి నాకొద్దు" అని రాసిచ్చినవాళ్లు కొందరుంటారు. మామూలుగా ఆ కాగితానికి విలువ లేదు. ఇంకా రాని వాటాను వదులుకోవడం కుదరదు.

ఈ దారిలో నేను ఆలస్యంగా నేర్చుకున్న కిటుకు ఒకటుంది. అందరూ కలిసి అమ్మడానికి ఒప్పుకుంటున్నట్టయితే విడుదల దస్తావేజుతో పనే లేదు. అమ్మకంలో మీరూ సంతకం పెట్టి, మీ వాటా డబ్బు మీ ఖాతాలో వేయించుకుని, తర్వాత ఎవరికివ్వాలనుంటే వాళ్లకు ట్రాన్స్‌ఫర్ చేయండి. ఒక దస్తావేజు ఖర్చు తప్పుతుంది. అమ్మ అదే చేసింది, తమ్ముడి కూతురి పేరున వేసేసింది.

మూడోది కూర్చుని తెంపుకోవడం. నేను మొగ్గేది దీనివైపే, కానీ పెద్దమనుషుల పంచాయితీ మాటతో ఆగిపోతే లాభం లేదు. పాతరోజుల్లో పారీకత్తు (పంపకాల కాగితం) రాసుకుని పెట్టెలో పెట్టేవాళ్లు. ఇప్పుడు ఫ్లాటు కొనేవాడికి లోను ఇచ్చే బ్యాంకు దాన్ని చూసి తల అడ్డంగా ఊపుతుంది. పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి, లేదా అందరూ కలిసి నేరుగా అమ్మాలి. ఎదురెదురుగా కూర్చోలేనంత పగ ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుని లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. దావా వేయకముందే వెళ్లొచ్చు. అక్కడ రాజీపడితే వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మా అమ్మ వయసువాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

నాలుగోది పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంచమని వేసే కేసు. ఆస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టులో వేయాలి. మాకైతే విజయవాడ. ముందు ఎవరికెంత వాటానో చెప్పే ప్రిలిమినరీ డిక్రీ, ఆ తర్వాత ఆస్తిని విడగొట్టి ఇచ్చే ఫైనల్ డిక్రీ. మధ్యలో వాయిదాలు ఎన్నో చెప్పక్కర్లేదు. మూడు సందర్భాల్లో మాత్రం ఆలోచించకుండా కోర్టుకే వెళ్లండి: మిగతావాళ్లు మీకు చెప్పకుండా అమ్మేస్తుంటే, అనుమానాస్పద వీలునామా బయటపెడితే, మీరు అసలు వారసులే కాదంటే. అప్పుడు మంచితనంగా ఎదురుచూస్తూ కూర్చుంటే ఆస్తి చేతులు మారిపోతుంది. ముందు ఇంజంక్షన్ (అమ్మకం ఆపే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకోవాలి.

మా లెక్క చెబుతాను. ఫ్లాట్ 36 లక్షలకు పోయింది. లోను 9 లక్షలు పోతే 27. నిజంగా తీర్చాల్సిన బాకీ లక్ష. మిగిలింది 26. ఎఫ్‌డీకి నామినీ ఆవిడే, బ్యాంకు ఆ 4 లక్షలు ఆవిడకిచ్చేసింది. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదు, వారసులు అడిగితే ఇవ్వాల్సిందే. తమ్ముడు అడుగుదామన్నాడు. అడిగితే తలా 6 లక్షలు, వదిలేస్తే తలా 5 లక్షల 20 వేలు. అంటే ఒక్కొక్కరికి తేడా 80 వేలు. ఆవిడ ఫ్లాట్ ఖాళీ చేయకపోతే అమ్మకమే జరగదు. పైగా చివరి రెండేళ్లు డయాలసిస్‌కు తిప్పింది ఆవిడే. 80 వేల కోసం కోర్టు వాయిదాలు కొనుక్కోవడం నాకు దండగనిపించింది. ఎఫ్‌డీ ఆవిడకే ఉంచేసి, తాళాలు తీసుకున్నాం.

అమ్మేటప్పుడు పన్ను లెక్క మర్చిపోవద్దు. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు గానీ అమ్మితే వచ్చిన లాభానికి ఉంటుంది. మీకు ఉచితంగా వచ్చినా, నాన్న కొన్న ధరనే మీ కొన్న ధరగా తీసుకుంటారు. ఆయన కొన్న దస్తావేజు జాగ్రత్తగా ఉంచుకోండి.

ప్రోనోటు వెనక సంతకం

పెద్ద కర్మ రోజు, తెనాలిలో, భోజనాలు ఇంకా అవుతుండగా ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతలు చిరుగుతున్న ప్రోనోటు విప్పాడు. మిర్చి యార్డులో పరిచయమట. "ఇప్పుడేం ఇవ్వద్దమ్మా. వంద రూపాయలు చెల్లు వేసినట్టు వెనక రాసుకుంటా, ఒక్క సంతకం పెట్టు. అంతే" అన్నాడు. చేతిలో పెన్ను కూడా పెట్టాడు. బాబాయ్ దూరం నుంచి చూసి కేకేసి ఉండకపోతే పెట్టేసేదాన్నే.

ప్రోనోటుకు మూడేళ్లే గడువు. చెల్లు (కొంత కట్టినట్టు రాత) పడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. అసలు గడువు దాటిపోయిన బాకీకి కూడా "ఇస్తాను" అని రాసిస్తే కొత్తగా ప్రాణం వస్తుంది. ఆ ఒక్క సంతకం విలువ అంత. తండ్రి అప్పుకు పిల్లల బాధ్యత, తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే. సొంత జీతం, సొంత ఇల్లు జోలికి రాకూడదు, మీరు హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప. కొడుకు గనక తండ్రి అప్పు తీర్చి తీరాలన్న పాత ధర్మాన్ని 2005 సవరణ తర్వాతి అప్పులకు చట్టం తీసేసింది. ఎవరొచ్చినా "ఫొటో తీసుకుంటానండీ, లాయరుకు చూపించి చెబుతా" అనండి. ఫొటో తీస్తామంటే సగం మంది మళ్లీ రాలేదు.

బ్యాంకు లోను వేరు. అది ఫ్లాటు మీదే ఉంటుంది. మీరు పోట్లాడుకుంటున్నన్నాళ్లూ వడ్డీ పెరుగుతుంది, చివరికి బ్యాంకే వేలం వేస్తుంది. కొన్నాళ్లు ఈఎంఐ ఎవరు కడతారో మొదటి వారంలోనే తేల్చుకోండి. కట్టిన రసీదులు దాచుకుంటే చివరి లెక్కలో మినహాయించుకోవచ్చు.

ఏ సర్టిఫికెట్ దేనికి

జనం తికమకపడేది ఇక్కడే. తహసీల్దార్ ఇచ్చేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. సచివాలయంలో గానీ మీసేవలో గానీ పెట్టుకోవాలి. కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది తప్ప ఎవరి వాటా ఎంతో తేల్చదు. అయినా చాలా పనులు దీంతో జరిగిపోతాయి. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ డబ్బు వ్యవహారాలకు: బ్యాంకు నిల్వ, షేర్లు, రావాల్సిన బాకీలు. ఇంటికి, పొలానికి అది పనికిరాదు. ఫ్లాటు కోసమని నెలల తరబడి సక్సెషన్ సర్టిఫికెట్ చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు.

బ్యాంకులో నామినీ లేకపోయినా వెంటనే కోర్టుకు పరిగెత్తక్కర్లేదు. 2025లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు, వారసుల మధ్య తగువు లేకపోతే సులభ పద్ధతిలోనే ఇవ్వాలి. మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు మాత్రం అడుగుతారు. మాట్లాడుకోని కుటుంబాల్లో ఇదే అసలు చిక్కు. ఆ పత్రాలు రావనుకుంటే సక్సెషన్ సర్టిఫికెటే దిక్కు.

అవతలి కుటుంబం మీ పేరు లేకుండా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకునే ప్రమాదం ఉంది. మా విషయంలో అది సగం దూరం వెళ్లింది కూడా. విచారణకొచ్చిన ఉద్యోగికి పక్కింటివాళ్లు తెలిసినంత చెప్పారు, వాళ్లకు మేమున్నామనే తెలియదు. తండ్రి పేరున్న టెన్త్ సర్టిఫికెట్, అమ్మ పెళ్లి ఫొటో, పాత రేషన్ కార్డు నకలు జతచేసి తహసీల్దార్‌కు అభ్యంతరం రాసిచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకున్నాను. నోటిమాటగా చెప్పి వస్తే ఎక్కడా నిలవదు.

ఎవరితో చేయించాలి

అందరికీ ఒప్పుదలై, ఒక్క ఆస్తే ఉంటే దస్తావేజు లేఖరి చాలు. రెండో కుటుంబం, మైనరు, తాతల ఆస్తి, వీటిలో ఏ ఒక్కటున్నా లాయరు దగ్గరికే వెళ్లండి. మైనరు వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. లేఖరి ఆ మాట చెప్పకుండా రాసేస్తే రేపు ఆ పిల్లవాడు పెద్దయ్యాక రద్దు చేయించుకోగలడు. ఆ అబ్బాయికి 20 నిండాయి గనక మాకు ఆ టెన్షన్ లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లు జీపీఏ (తమ తరఫున పని చేసిపెట్టే అధికార పత్రం) ఇస్తారు. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. వాటా తగువున్న బంధువు పేరున మాత్రం అమ్మే అధికారంతో జీపీఏ ఇవ్వకండి, ఎంత తియ్యగా మాట్లాడినా సరే.

రిజిస్ట్రేషన్ రోజున నాయనమ్మని తీసుకురావడమే పెద్ద పని. నడవలేనివాళ్లకు రిజిస్ట్రార్ ఇంటికి వచ్చే వీలు చట్టంలో ఉంది గానీ ఆమె ఒప్పుకోలేదు, "నేనే వస్తా" అంది. కారులో తెనాలి నుంచి విజయవాడ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఆమె వేలు యంత్రం మీద పెట్టారు. గీతలు అరిగిపోయి మూడుసార్లు పడలేదు. నాలుగోసారి ఆ అబ్బాయే వచ్చి, తన రుమాలుతో ఆమె వేలు తుడిచి, అదిమి పట్టుకున్నాడు. పడింది.

ఆమె వాటా ఆమె ఖాతాలోనే ఉంది. మళ్లీ ఇదే తిరుగుడు వద్దని మొన్న ఆదివారం తెనాలి వెళ్లి, ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి వీలునామా రాయించాం. ఐదు లక్షల సంగతి రెండు నిమిషాల్లో చెప్పేసింది. చేతికున్న రెండు గాజులు ఎవరికి అన్న దగ్గర మాత్రం గంటసేపు ఆగింది.